ఉప్పుటేటి సిబ్బంది

తెప్పలవలస ఉప్పుటేట్లో పేరుకున్న నూనెను, రాజధాని నుంచి పీపాల్లో వచ్చిన ప్రభుత్వ సూక్ష్మజీవులు వారం రోజుల్లో తినేశాయి. మా ప్రాంతంలో ఈ సంగతి తెలియనివారు లేరు. బస్సు కండక్టరు వంతెన మీదికి రాగానే పరాయి ఊరి ప్రయాణికులకు ఏటిని చూపించి మరీ చెబుతాడు. బడిగోడ మీద పెద్ద నోరూ, రెండు వరసల పళ్లూ ఉన్న ఆకుపచ్చ పురుగుగా వాటి చిత్తరువు వెలిసింది. ఏటివైపు ఆడుకోవడానికి పోయే పిల్లలకు తల్లులు తలనూనె రాయడం మానుకున్నారు. ఊరగాయ జాడీలు ఏటివైపు కిటికీల్లోంచి వీధివైపు కిటికీల్లోకి వలస వెళ్లాయి. మందుల దుకాణం యజమాని శాస్త్రం చదువుకున్నవాడు. అయినా స్కూటరును ఏటి గట్టున నిలపడు. ఇంజను ఆయిలుకు భరోసా లేదంటాడు.

వదంతులను నేను చిన్నచూపు చూడను. శాస్త్రసత్యానికి లేని సౌకర్యం వాటికొకటి ఉంది: నమ్మడానికి ముందు ఏమీ చదవనక్కరలేదు. అయితే ఈ వదంతి పురిటినొప్పులు నా కళ్లముందే మొదలైనందువల్ల, జరిగినది జరిగినట్టు రాసిపెట్టవలసిన బాధ్యత కొంత నామీద ఉన్నది. ప్రభుత్వ కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు సూక్ష్మజీవశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి కనుక, ఆ తతంగంలోకి నన్నూ లాగారు.

నిరుడు జూన్ నెలలో, తీరానికి కొంత దూరంలో లంగరు వేసి ఉన్న ఒక సరుకు ఓడ అడుగు చీలింది. దాని ఇంధనం నల్లగా, జిగటగా, పోటుతోపాటు మా ఉప్పుటేట్లోకి వచ్చింది. పోటు వెనక్కి వెళ్లింది. నూనె వెళ్లలేదు. బురదలోకి దిగి అక్కడే స్థిరపడింది.

ఆ బురద మీద బతికేవారు మా ఊళ్లో తొమ్మండుగురు స్త్రీలు. పోటు తగ్గి నీరు తీసినప్పుడు ఏట్లోకి దిగి, ఇనుప పళ్ల గోకుడుకర్రతో బురద గోకి, గుల్లలు ఏరి, ఉడికించి మాంసం అమ్ముతారు. చిప్పలు సున్నపు బట్టీలకు వేస్తారు. వారికి పెద్ద గనగళ్ల కాసులమ్మ. యాభై అయిదేళ్ల మనిషి. మాట గట్టిది, మడమలు అంతకన్నా గట్టివి. ఏటా గుల్ల విత్తనం, అంటే కంటికానని గుల్లపిల్లలు, బురదలో పడే కాలానికి ముందు, ఈ స్త్రీలు బురదనంతటినీ మడమలతో తొక్కి, కర్రలతో తిరగేసి, వెనక్కి వెనక్కి నడుస్తూ ఒడ్డుకు చేరతారు. మూసుకున్న బురదలో గుల్ల కూర్చోదని వారి తల్లులు చెప్పారట. ఏట్లో దిగడానికి మత్స్యకార సంఘం ఇచ్చిన అట్ట కార్డులు వారి దగ్గర ఉన్నాయి. ఆ కార్డు పోతే ఆ కడుపుకు మరో దారి లేదు.

నూనె వచ్చిన నెలలోపే ‘తీరశుద్ధి ప్రాధికార సంస్థ’ వచ్చింది. దానికి ప్రత్యేకాధికారి శ్రీ హరగోపాలరావు. ఒక ఉదయం ఆయన ఏటి గట్టునుంచి నేరుగా మా వరండాలోకి వచ్చారు.

“మాస్టారూ, తైలమును భుజించు సూక్ష్మజీవరాశి ఒకటి కలదని నిన్నటి కార్యశాలలో వక్తలు సెలవిచ్చారు. వాస్తవమేనా?”

“వాస్తవమే. ఒకటి కాదు, చాలా జాతులున్నాయి.”

“ఎచట లభ్యమవుతాయి?”

“మీ బూటు అడుగున ఉన్నాయి చూడండి.”

ఆయన బూటు ఎత్తి చూసుకున్నారు. దానికి ఏటి బురద అంటుకుని ఉంది.

“వీటికి ధ్రువీకరణ ఉన్నదా?”

“కోట్ల సంవత్సరాల అనుభవం ఉన్నదండి.”

“అనుభవం వేరు, అర్హత వేరు,” అన్నారాయన, బూటు దించుతూ.

నేను వివరించాను. సముద్రపు బురదల్లో నూనె తినే సూక్ష్మజీవులు సహజంగానే ఉంటాయి. నూనె దొరికితే వాటి సంతతి పెరుగుతుంది. కాని వాటిలో చురుకైనవాటికి గాలి కావాలి. నూనె పట్టిన బురద గాలి చొరకుండా బిగిసిపోయింది. వాటికిప్పుడు తిండికి లోటు లేదు, ఊపిరికే లోటు. బురదను తరచు తిరగేస్తే మిగతా పని అవే చూసుకుంటాయి.

ఆయన శ్రద్ధగా విని, సగం రాసుకున్నారు.

“స్థానికంగా అనధికారికంగా నివసిస్తున్న వాటికి ప్రభుత్వ కార్యమును అప్పగించుట సాధ్యం కాదు. తిరగవేయుట అనునది మా ఆమోదిత అంశముల జాబితాలో లేదు. సూక్ష్మజీవులు మాత్రం ఆ జాబితాలో ఉన్నవి. అవి తెప్పిస్తాము.”

ఆగస్టులో పంతొమ్మిది నీలం పీపాలు లారీలో వచ్చాయి. వాటిమీద ‘తైలహారి’ అని రాసి ఉంది. ఆ నెల ఇరవై ఒకటిన, పీపాల్లోని సూక్ష్మజీవులను తెప్పలవలస ఉప్పుటేట్లో పారిశుద్ధ్య సిబ్బందిగా నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది. ‘సిబ్బంది’ అన్న ఆ ఒక్క మాట దగ్గర అసలు కథ మొదలైంది.

సంస్థలో సూపరింటెండెంటు భుజంగరావుగారు. నియమావళి అంతా కంఠతా వచ్చిన మనిషి. ఆయన నన్ను పిలిపించుకున్నారు.

“సిబ్బంది అన్నాక హాజరు ఉండాలి కదండీ. వేలిముద్రలు సాధ్యపడవని నాకు తెలుసు. మరో మార్గం చెప్పండి.”

“ఒక చెంచా బురద తీసి, సూక్ష్మదర్శిని కింద చూసి, కనిపించినవాటిని లెక్కించవచ్చు. కాని వాటిలో నూనె తినేవేవో చూపుతో తెలియదు. నూనె ఒక్కటే ఆహారంగా ఇచ్చి పెంచి చూడాలి. దానికి వారం పైన పడుతుంది.”

“వారం తర్వాత తేలే హాజరు ఏం హాజరండీ?” అన్నారాయన నొచ్చుకుని. “నేనే చూస్తాను. కదిలితే హాజరు. కదలకపోతే సెలవు.”

ఆ మర్నాటినుంచి ప్రతి ఉదయం పదిగంటలకు ఒక చెంచా బురద ఆయన బల్లమీదికి వచ్చేది. ఒక కన్ను మూసి, పెన్సిలుతో గీతలు గీస్తూ, పదకొండున్నరకల్లా హాజరు ముగించేవారు. మొదటివారం సగటున గ్రాముకు నలభై లక్షలు తేలింది. రెండో సోమవారం ముప్పై ఎనిమిది లక్షలే ఉన్నాయి. రెండు లక్షల సిబ్బంది ముందస్తు అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు సంజాయిషీ కోరుతూ తాఖీదు తయారైంది. చిరునామాదారులు అందుబాటులో లేనందున, ఏట్లో ఒక గుంజ పాతి దానికి అంటించారు. సాయంత్రపు పోటు దాన్ని తీసుకువెళ్లింది. ‘అందినట్లు భావించడమైనది’ అని భుజంగరావుగారు రాసుకున్నారు.

సెప్టెంబరులో మరింత క్లిష్టమైన సమస్య వచ్చింది. సూక్ష్మజీవి ఒకటి రెండుగా చీలి సంతానం పొందుతుందని నేను మాటవరసకు అన్నాను. ఆ రోజంతా ఆయన భోజనం చేయలేదు.

“ఆ రెండింటిలో మేము నియమించినది ఏదండీ?”

“రెండూ అదే. లేదా రెండూ కాదు.”

“అట్లాగైతే ఇద్దరికీ ఒకటే చేరిక తేదీ. సీనియారిటీ ఎలా తేలుతుంది?” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “పోనీ, చనిపోయినవాటి స్థానంలో కారుణ్య నియామకాలు ఇద్దామంటే, వారసులు చావుకు ముందే చేరిపోయి ఉన్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత క్రమశిక్షణ లేని కేడరును చూడలేదు మాస్టారూ.”

నేను నవ్వలేదు. బాధపడుతున్న మనిషి ఎదుట నవ్వడం సంస్కారం కాదు.

సిబ్బంది ఉన్నచోట వారి రక్షణా ఉండాలి. అక్టోబరులో ఏటి బురదనేల చుట్టూ ముళ్లకంచె వెలిసింది. ‘నిశ్శబ్దం పాటించండి. సిబ్బంది విధుల్లో ఉన్నారు’ అని పచ్చరంగు బోర్డు పెట్టారు. గుల్లలు ఏరే స్త్రీలను లోపలికి రానివ్వలేదు. ఒక్క దక్షిణపు కొసన, మడచెట్ల వెనక, తీగ సరిపోనందువల్ల ఓ పాతిక గజాల మేర కంచె పడలేదు.

బురద నానాటికీ మరింత బిగిసిపోయింది. సహజంగానే హాజరు తగ్గింది. సిబ్బంది సంఖ్య సగానికి పడితే కార్యాలయం స్థాయి కూడా తగ్గుతుందని నియమం ఉన్నదట. హరగోపాలరావుగారు నాతో సహా నలుగురితో సమీక్షా సమావేశం జరిపారు.

“సిబ్బంది క్షీణతకు కారణం పోషకాహార లోపమని ఈ సమావేశము అభిప్రాయపడుచున్నది,” అన్నారు. “తైలభుక్కులకు తైలమే ఆహారము. తగు తైలమును సమకూర్చవలెను.”

“ఆ తైలాన్ని తీసేయడానికే కదండీ సంస్థ ఏర్పడింది?” అన్నాను.

“మాస్టారూ, ఉద్దేశ్యము వేరు, సంక్షేమము వేరు.”

నవంబరునుంచి ప్రతి శుక్రవారం, జీపుల షెడ్డులో వాడి పారేసిన ఇంజను ఆయిలు రెండు డబ్బాలు ఏట్లో పోయడం మొదలైంది. నేను నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటికీ జవాబు వచ్చింది: ‘మీ సూచన పరిశీలనలో ఉన్నది.’

డిసెంబరు రెండోవారంలో కాసులమ్మ దొరికిపోయింది.

ఆమే, తక్కిన ఎనిమిదిమందీ ఆ మడచెట్ల వెనక పాతిక గజాల మేర అక్టోబరునుంచీ బురద తిరగేస్తూనే ఉన్నారు. అమ్మకానికి ఏరుతున్నారా అంటే, ఏరడానికి అక్కడ గుల్ల లేదు. విత్తనం పడే కాలానికి నేల సిద్ధం చేయాలి కనుక చేస్తున్నారు. కాపలావాడు చూసి ఈల వేశాడు. తక్కినవారు పరుగెత్తారు, కాసులమ్మ పరుగెత్తలేదు. తొమ్మిది కార్డులూ సంస్థ స్వాధీనం చేసుకుంది.

అభియోగపత్రం ఆమె నాచేత చదివించుకుంది: ‘విధినిర్వహణలో ఉన్న ప్రభుత్వ సిబ్బందికి ఆటంకము కలిగించుటయే గాక, అసంఖ్యాకులైన సిబ్బందిని పై అధికారుల ఉత్తర్వులు లేకుండా ఇనుప పరికరముతో ఒక స్థానమునుండి మరియొక స్థానమునకు బదిలీ చేసినందున, నిందితురాలు మరియు ఆమె అనుచరుల కార్డులు శాశ్వతముగా ఏల రద్దు చేయరాదో…’

“ఎవుల్ని బదిలీ సేసినాను మేస్టారూ?”

“బురదలో పురుగుల్ని.”

“పురుగుల్నా?” నన్ను ఎగాదిగా చూసింది. నేను పరాచికాలాడుతున్నానేమోనని అనుమానం. “నాను గోకేది పుట్టినకాడ్నించీ. మాయమ్మ గోకింది, దాని అత్త గోకింది. ఎప్పుడూ ఏ పురుగూ కంప్లెయింటు ఇవ్వనేదు.”

“విచారణ జరుగుతుంది. నన్ను సాక్షిగా పిలిచారు.”

“కారటు పోతే మా తొమ్మిది పొయ్యిలూ ఆరిపోతాయి, బావూ. మీరు సదూకున్నోరు. ఆల్ల బాసలోనే ఓ మాట సెప్పండి.”

ఆ భాష నాకు రాదని చెప్పడానికి సిగ్గువేసింది. బదులుగా రెండు సీసాలు తీసుకుని ఏటికి వెళ్లాను. ఒకదాంట్లో కంచె లోపలి బురద, మరోదాంట్లో మడచెట్ల వెనకటి బురద నింపి, ఎంత నూనె ఉందో చూడమని మా కళాశాల ప్రయోగశాలకు పంపాను.

జనవరిలో ఏటి గట్టున షామియానా వేసి విచారణ జరిపారు. విచారణాధికారి జిల్లా కేంద్రంనుంచి వచ్చిన మందాకిని అనే ఆవిడ. మాటలు తక్కువ, మాటిమాటికీ గడియారం చూసుకుంటారు. ఒకవైపు హరగోపాలరావుగారు, భుజంగరావుగారు. మరోవైపు కాసులమ్మ, ఆమె వెనక నేలమీద ఎనిమిదిమంది.

“ఎంతమంది సిబ్బందికి ఆటంకం కలిగింది?” అన్నారు మందాకిని.

భుజంగరావుగారు లేచారు. “గ్రాముకు నలభై లక్షల మంజూరు సంఖ్య ప్రకారం, నిందితురాలు గోకిన వైశాల్యమూ లోతూ గుణిస్తే, అంకె ఈ కాగితంలో పట్టలేదండి. వేరే కాగితం జతచేశాను.”

“వారిలో ఎవరైనా ఫిర్యాదు చేశారా?”

“వారి తరఫున సంస్థే చేసిందండి.”

మందాకిని కాసులమ్మవైపు తిరిగారు. “నువ్వేమంటావమ్మా?”

“అమ్మా, నాను గోకినాను. అబద్దం సెప్పను. కానైతే ఆల్లెవులో నాకు అగుపడ్నేదు. నానెవుల్నీ తోసీనేదు, తిట్నేదు. ఆల్లని ఒకపాలి తెప్పించి సూపించండి. నా వల్ల దెబ్బతగిలిందని ఏ ఒక్కుడు సెప్పినా కాల్లట్టుకుంతాను.”

వెనక స్త్రీలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మందాకిని నవ్వలేదు.

“సహేతుకమైన కోరికే. బాధితులను గుర్తించకుండా ఉత్తర్వు రాయలేను. మీ సిబ్బంది నమూనా ఒకటి తెప్పించండి. వచ్చిన పీపాల్లో ఏమైనా మిగిలి ఉంటుంది కదా?”

భుజంగరావుగారు హరగోపాలరావుగారిని చూశారు. హరగోపాలరావుగారు షామియానా గుంజను చూశారు.

“ఉన్నదండి,” అన్నారు భుజంగరావుగారు.

గిడ్డంగి అక్కడికి యాభై అడుగులు. తాళం తీశారు. లోపల పంతొమ్మిది నీలం పీపాలు వరసగా ఉన్నాయి. ప్రతి మూతమీదా సీలు ఉంది. మెడలకు వేసిన బంతిపూల దండలు ఎండి పొడి రాలుతున్నాయి. గోడకు ఒక శిలాఫలకం ఆనించి ఉంది. దానిమీద తేదీ ఉండవలసినచోట రాయి నున్నగా ఉంది.

మందాకిని ఒక పీపాను వేలితో తట్టారు. నిండు చప్పుడు వచ్చింది.

“ఇవి తెరవలేదా?”

“లేదండి,” అన్నారు భుజంగరావుగారు.

“సిబ్బంది విధుల్లో ఉన్నారన్నారు?”

“ఉత్తర్వు ప్రకారం ఆగస్టు ఇరవై ఒకటిన చేరారండి. భౌతికంగా చేరాలంటే ప్రారంభోత్సవం జరగాలి. తేదీ ఇవ్వవలసిన పెద్దలు ఇంకా ఇవ్వలేదు.”

“మరి ఇన్ని నెలలుగా మీరు హాజరు వేసింది ఎవరికి?”

ఆయన తల తిప్పి ఏటివైపు చూశారు. నిజాయితీపరుడు, ఆ మాట ఒప్పుకోవాలి.

“అక్కడ ఉన్నవారికేనండి.”

కాసులమ్మకు విషయం అందరికన్నా ముందు అర్థమైంది. “ఏటీ, మేస్టారూ! ఇన్నాల్లూ మనూరి పురుగులకే ఆజరేసినారా? తాఖీదులిచ్చిందీ ఆటికేనా? పాపం, ఆటికి జీతమూ నేదు గదా!”

నాకూ లోపల చురుక్కుమంది. ప్రతిదానికీ రుజువు అడిగే అలవాటు నాది. పీపాలు ఏట్లో పోశారా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఉత్తర్వు చూసి నమ్మాను. బడిగోడ బొమ్మను నమ్మేవారికీ నాకూ అంతలో పెద్ద తేడా కనిపించలేదు.

తిరిగి షామియానా కిందికి వచ్చి కూర్చున్నాం. టీ వచ్చింది. నా సీసాల ఫలితం అప్పుడు మందాకిని ముందు పెట్టాను. కంచె లోపల నూనె, సంస్థ తొలినాడు కొలిచినదానికన్నా ఎక్కువ ఉంది. మడచెట్ల వెనక, స్త్రీలు తిరగేసినచోట, దానిలో ఆరో వంతుకు తగ్గింది.

హరగోపాలరావుగారి ముఖం వెలిగింది. “చూచితిరా! సిబ్బంది స్వచ్ఛందముగా కొసభాగమునకు తరలి…”

“ఏ సిబ్బందండీ?” అన్నారు మందాకిని.

ఆయన టీ తాగారు.

ఆవిడ కలం మూసి, మామూలు గొంతుతో అన్నారు: “చూడండి. బురదలో ప్రభుత్వ సిబ్బంది లేరు కనుక ఆటంకం లేదు, నేరం లేదు. అలా రాస్తే మీ హాజరంతా తప్పుడు హాజరు అవుతుంది. రాయకపోతే ఈమెకు అన్యాయమవుతుంది. మాస్టారూ, ఏం చేయాలంటారు?”

“కంచె తీసేసి, ఆ శుక్రవారపు ఆయిలు ఆపించి, వీళ్లను బురదంతా తిరగేయనివ్వాలి.”

“ఆయిలు ఈ రోజుతో ఆగాలి,” అన్నారావిడ. “సీలు వేసిన పీపాల్లో ఉన్నవారికి బయట విందెందుకు?”

“కాని తిరగవేయుట ఆమోదిత అంశముల జాబితాలో…” అన్నారు హరగోపాలరావుగారు.

అప్పుడు భుజంగరావుగారు నెమ్మదిగా చెయ్యెత్తారు. నియమావళి కంఠతా వచ్చినవారి గొప్పతనం అటువంటి క్షణాల్లోనే తెలుస్తుంది.

“ప్రారంభోత్సవానికి ముందు స్థలాన్ని సిద్ధపరచడం అనే అంశం ఉందండి. ముఖ్య అతిథి వచ్చే నేల నల్లగా, గట్టిగా ఉండటం బాగుండదు. స్థానిక మహిళల సేవలు వినియోగించుకోవచ్చు. తేదీ ఖరారయ్యేవరకూ కొనసాగించవచ్చు. అభియోగం ఉపసంహరించుకున్నట్టు ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది.”

“కార్డులు?” అన్నాను.

“ప్రారంభోత్సవము సజావుగా జరిగిన పిమ్మట, వారి ప్రవర్తనను బట్టి పరిశీలింపబడును,” అన్నారు హరగోపాలరావుగారు.

కాసులమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

“కారట్లు ఇప్పుడిచ్చీండి బావూ. నేదంటారా, ఆ పెద్దమనిసి వచ్చినాటికి మీరే బూట్లిప్పుకోని దిగి గోక్కోండి. ఎనక్కి నడవాల, ముందుకి నడిస్తే కూరుకుపోతారు. ముందే సెప్పీసినాను. రేపు నామీద కేసెట్టకండి.”

మందాకిని గడియారం చూసుకోవడం ఆ రోజు అదే చివరిసారి. “కార్డులు ఉన్నాయా ఇక్కడ?”

భుజంగరావుగారి సంచిలోనే ఉన్నాయి. తొమ్మిదింటినీ పేర్లు పిలిచి ఇచ్చారు. ప్రతి పేరుకూ ఎదురుగా మనిషి లేచి, చెయ్యి చాపి తీసుకుంది. ఆ సంస్థలో హాజరు వేయడం అంత సులువుగా జరగడం నేను చూసింది అదొక్కసారే.

ముఖ్య అతిథి ఫిబ్రవరిలో వస్తారన్నారు. రాలేదు. మార్చి అన్నారు, ఏప్రిల్ చివర అన్నారు. తేదీ మారినప్పుడల్లా ‘స్థలసిద్ధత కొనసాగించవలెను’ అని కొత్త కాగితం వచ్చేది. నీరు తీసిన ప్రతిరోజూ ఆ తొమ్మండుగురూ ఏట్లో దిగేవారు. పక్కపక్కన వరస కట్టి, మడమ దింపి, కర్ర దింపి, ఒక అడుగు వెనక్కి. పెళ్లిళ్ల గురించి, కోడళ్ల గురించి, సంతలో చేపల ధరల గురించి మాట్లాడుకుంటూ ఒడ్డుదాకా వచ్చేవారు. వారి ముందు బురద దున్నిన చాళ్లలా విచ్చుకుని ఉండేది. మొదట్లో ఆ చాళ్లలో ఊరిన నీటిమీద రంగురంగుల నూనెపొర తేలేది. మార్చికి అది పలుచబడింది. ఏప్రిల్‌లో కాసులమ్మ మా ఇంటికి వచ్చి గుప్పిట విప్పింది. అరచేతిలో కందిగింజంత గుల్లపిల్లలు నాలుగు.

“కూకున్నాయి మేస్టారూ,” అంది.

మే నెలాఖరున ఏటి పొడవునా పదమూడు చోట్ల బురద తీసి ప్రయోగశాలకు పంపాను. ఫలానా చోటు వదిలేశానని ఎవరూ అనడానికి వీల్లేకుండా, మడచెట్ల కొసనూ తీశాను.

ఎట్టకేలకు ప్రారంభోత్సవం జరిగింది. ముఖ్య అతిథికి బురద అంటకుండా పలకలు పరిచారు. సన్నాయి వాయించారు. పంతొమ్మిది పీపాల సీళ్లూ కత్తిరించి ఏట్లో కుమ్మరించారు. రేకుల గిడ్డంగిలో, మూతల కింద, ఒక మండువేసవి దాటివచ్చిన ద్రవమది. అడుగున మిగిలిన ఒక చుక్కను నేను భుజంగరావుగారి సూక్ష్మదర్శిని కిందనే పెట్టి చూడమన్నాను. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. పెన్సిలు కదలలేదు.

“అందరూ సెలవులో ఉన్నారండి,” అన్నారు తల ఎత్తకుండానే.

వారం తర్వాత పత్రికలవారు వచ్చారు. ఏట్లో ఎక్కడ తవ్వినా నూనె కనిపించలేదు. హరగోపాలరావుగారు పలకల మీద నిలబడి ఫోటో దిగారు. ‘ఏడు రోజుల్లో సంస్థ సాధించిన అపూర్వ విజయము’ అన్న ఆయన వాక్యం మొదటి పేజీలో వచ్చింది. ఆ నెలాఖరుకు బడిగోడ మీద ఆకుపచ్చ పురుగు వెలిసింది. హరగోపాలరావుగారు పదోన్నతి మీద వెళ్లిపోయారు. భుజంగరావుగారు విరమించి, ఇప్పుడు సాయంత్రాలు మా వరండాకు వస్తారు. సీనియారిటీ సమస్య ఇంకా ఆయన్ను వదలలేదు.

మొన్న సంతలో కాసులమ్మ గుల్లల గంప ముందు కూర్చుని ఉంది. పట్నంనుంచి వచ్చిన ఒకావిడ వంగి అడిగింది:

“ఇవి ఆ గవర్నమెంటు పురుగులు బాగుచేసిన ఏటివేనా?”

“అవునమ్మా, ఆ ఏటివే. పురుగులకి పెద్ద సదువంట,” అంది కాసులమ్మ. ఆవిడ బేరమాడకుండా రెండు శేర్లు కొనుక్కుని వెళ్లింది.

నేను కోపంగా చూశాను కాబోలు.

“ఏటి సూస్తారు మేస్టారూ? మేం గోకినామంటే కొనరు. పురుగులు తిన్నాయంటే కొంతన్నారు. నిజం మీరు రాసుకోండి. ఖాళీగానే ఉన్నారు గదా.”

రాసుకున్నాను. పీపాలు ఏట్లో కుమ్మరించింది జూన్ పద్నాలుగున. పదమూడు చోట్ల తీసిన బురదలో ఎక్కడా హాని చేసేంత నూనె మిగలలేదని ప్రయోగశాల ఇచ్చిన నివేదిక మీద ఉన్న తేదీ జూన్ మూడు.